పాండురోగానికి పథ్యం: రక్తహీనతను ఇంటి తిండితో, ఆయుర్వేద నియమాలతో సరిదిద్దుకొనే పద్ధతి

మెట్లు ఎక్కితే ఆయాసం, పిక్కలు పట్టివేయడం, చెవులలో హోరు, అన్నం మీద విముఖత, చలిని ఓర్చుకోలేకపోవడం, ఊరకే కోపం రావడం, మాట తగ్గిపోవడం: ఇవన్నీ చరకసంహిత చికిత్సాస్థానం 16వ అధ్యాయంలో పాండురోగికి చెప్పిన లక్షణాలు. అనంతపురం జిల్లాలో పొద్దంతా చెనిక్కాయ చేలో కలుపు తీసి, ఇంటికి వచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్ళను అడిగితే వీటిలో సగం తమకు ఉన్నాయనే చెబుతారు. అయితే వాటిని జబ్బు అనరు, ఒళ్ళు అలిసింది అంటారు. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి మించి రక్తహీనత ఉన్నట్లు తేలింది కనుక, ఆ అలసట చాలామంది విషయంలో పని వల్ల మాత్రమే వచ్చినది కాదని అనుకోవలసి ఉంటుంది.

రక్తం తక్కువగా ఉందని తేలినవారు ఇంట్లో ఏ క్రమంలో ఏమి చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఈ విషయంలో ఆయుర్వేదం నుంచి ముఖ్యంగా తీసుకోదగినది ఒక్క మాట: తిన్నది సరిగా పచనమై రసధాతువుగా మారితేనే దాని నుంచి రక్తధాతువు పుడుతుంది, జఠరాగ్ని మందగించినవారికి ఎంత మంచి ఆహారం పెట్టినా దానిలో ఎక్కువ భాగం వృథాగానే పోతుంది. రసానికి ఎరుపునిచ్చేది రంజకపిత్తమనీ, దాని స్థానం కాలేయమూ ప్లీహమూ అనీ సుశ్రుతుడు చెప్పాడు. ఎర్రరక్తకణాలు ఎముకలలోని మజ్జలో తయారవుతాయని నేడు మనకు తెలుసు కాబట్టి ఆ స్థాననిర్దేశాన్ని అక్షరాలా పట్టుకోనక్కరలేదు. పొట్టను చక్కదిద్దిన తరువాతే ఇనుము సంగతి చూడమన్న క్రమం మాత్రం ఇప్పటికీ పనికివచ్చేదే.

ముందుగా లెక్క తెలుసుకోవాలి

కనురెప్ప లోపలి భాగం, నాలుక, గోళ్ళు పాలిపోయి ఉన్నాయా అని చూడడం పాతకాలపు వైద్యులు చేసిన పనే. అయితే కంటికి కనిపించేంతగా పాలిపోయే సమయానికి రక్తం బాగా తగ్గిపోయి ఉంటుంది. అందుచేత పథ్యం మొదలుపెట్టే ముందే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకొని, తేదీతో సహా ఆ అంకెను రాసి పెట్టుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం డెసిలీటరు రక్తానికి హిమోగ్లోబిన్ గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములు, గర్భిణికి 11 (నడిమి మూడు నెలలలో 10.5), పురుషునికి 13 కంటె తక్కువైతే అది రక్తహీనత. గర్భిణికి 7 కంటె, ఇతర పెద్దవారికి 8 కంటె తక్కువైతే దానిని తీవ్రమైనదిగా లెక్కిస్తారు. ఆ స్థితిలో రాగి జావ, ఉసిరికాయ అంటూ ఇంట్లో ఆలస్యం చేయకుండా కర్నూలు, అనంతపురం, కడప పట్టణాలలోని పెద్దాసుపత్రులకు వెళ్ళాలి. ఈ వ్యాసంలో చెప్పినవన్నీ ఆ తరువాతి మాటలు.

వీలైతే హిమోగ్లోబిన్ ఒక్కటే కాక పూర్తి రక్తపరీక్ష చేయించుకోవడం మేలు, ఎందుకంటే ఎర్రకణం సగటు పరిమాణం చూసి వైద్యులు కారణాన్ని కొంతవరకు ఊహించగలరు. కణాలు చిన్నవైతే ఇనుము లోపమో, వంశపారంపర్యంగా వచ్చే తలసేమియా లక్షణమో కావచ్చు. పెద్దవైతే బి12 లేదా ఫోలేట్ లోపాన్ని అనుమానిస్తారు. తలసేమియా లక్షణం ఉన్నవారికి ఇనుము లోపం లేకుండానే నెలల తరబడి ఇనుము ఇవ్వడం మంచిది కాదు. పుట్టు శాకాహారులకు, ముఖ్యంగా పాలు పెరుగు కూడా అంతగా తీసుకోనివారికి, బి12 లోపం వచ్చే అవకాశం ఎక్కువ. అరికాళ్ళు తిమ్మిరెక్కడం, నాలుక నున్నబడి మండడం వంటివి ఉంటే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. ఆకుకూరలలో ఎంత తిన్నా బి12 దొరకదు.

కారణాన్ని వదిలిపెట్టి పథ్యం చేస్తే చిల్లికుండలో నీళ్ళు పోసినట్లవుతుంది. నెలసరి ఏడు రోజులు దాటి సాగడం, గడ్డలు గడ్డలుగా రక్తం పోవడం, మొలల నుంచి రక్తం కారడం, మోకాళ్ళ నొప్పులకని దుకాణంలో కొని వాడే మాత్రల వల్ల కడుపులో పుండు పడి నల్లని మలం రావడం, వీటిలో ఏదైనా ఉంటే ముందు దానికి చికిత్స జరగాలి. పురుషులకు, నెలసరి ఆగిపోయిన స్త్రీలకు రక్తహీనత వస్తే దానిని తిండి లోపంగా కొట్టివేయకుండా పేగులలో ఎక్కడైనా రక్తం పోతున్నదేమో తప్పక చూపించుకోవాలి. ‘వయసు వచ్చింది, రక్తం తగ్గదా’ అనే మాట మన ఊళ్ళలో తరచుగా వింటాము. అది సరైన మాట కాదు.

మట్టి తినే అలవాటు

పాండురోగంలో చరకుడు అయిదు రకాలు చెప్పాడు. వాత, పిత్త, కఫాల వల్ల వచ్చేవి మూడు, మూడూ కలిసి వచ్చేది ఒకటి, మట్టి తినడం వల్ల వచ్చేది ఒకటి. వగరు మట్టి వాతాన్ని, చౌడు మట్టి పిత్తాన్ని, తీపి మట్టి కఫాన్ని ప్రకోపింపజేస్తాయని, ఆ మట్టి పచనం కాకుండానే స్రోతస్సులను, అంటే ఒంటిలోని వాహికలను, అడ్డగిస్తుందని ఆయన వివరణ. ఎర్రనేల, నల్లరేగడి, చౌడు పక్కపక్కనే ఉండే మన సీమలో ఈ శ్లోకం చదివినవారికి అది ఇక్కడి పొలాలను చూసి రాసినట్లే అనిపిస్తుంది.

బలపాలు, సుద్దముక్కలు, గోడ పెళ్ళలు, పచ్చి బియ్యం తినాలన్న కోరిక ఇనుము లోపం ఉన్నవారిలో తరచుగా కనిపిస్తుందని ఆధునిక వైద్యం చెబుతుంది. అంటే మట్టి రోగానికి కారణం కావడమే కాక, రోగం వల్ల పుట్టే కోరిక కూడా అవుతుంది. మట్టి తిన్నకొద్దీ ఇనుము ఒంటికి పట్టడం తగ్గి, నులిపురుగులు చేరి, లోపం మరింత పెరుగుతుంది. కాబట్టి పిల్లలో గర్భిణులో ఇటువంటివి నమలడం చూసినప్పుడు తిట్టడం, సిగ్గుపరచడం మాని, వెంటనే రక్తపరీక్ష చేయించాలి. ఆ అలవాటు మానలేనివారికి వేపాకు, వాయువిడంగాలు వంటివి కలిపిన మట్టినే ఇచ్చి దాని మీద ఏవగింపు పుట్టించమని చరకుడు సూచించాడు. ఆ ఉపాయాన్ని నేడు అనుసరించనక్కరలేదు. లోపం తీరితే చాలామందిలో ఆ కోరిక కొద్ది వారాలలో దానంతట అదే పోతుంది.

అగ్నిని చక్కదిద్దడం

పొట్టను చక్కదిద్దడంలో మొదటి పని నులిపురుగులను పోగొట్టడం. కొంకిపురుగులు పేగు గోడకు అతుక్కొని రక్తం పీలుస్తాయి. చెప్పులు లేకుండా తడి మట్టిలో తిరిగేవారికి అవి పాదాల చర్మం గుండానే ఒంట్లోకి చేరతాయి. ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడులలో, అంగన్‌వాడీలలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఇందుకోసమే. పెద్దవారు కూడా వైద్యుని అడిగి వేసుకోవచ్చు. గర్భిణులు మొదటి మూడు నెలలలో వేసుకోరాదు. ఆయుర్వేదంలో దీనికి వాయువిడంగాలు వాడతారు, కాని పిల్లల విషయంలో కచ్చితమైన మోతాదు ఉన్న మాత్రకే నేను ప్రాధాన్యం ఇస్తాను.

రెండవది ఆకలి. ఆకలి లేనివారికి బలవంతంగా నేతి పదార్థాలు, ఖర్జూరాలు, బెల్లం ఉండలు పెట్టడం ఆయుర్వేదం ఒప్పుకొనే పని కాదు. మొదటి వారం పది రోజులు తేలికపాటి భోజనం చేసి, భోజనానికి కొంచెం ముందు ఉప్పు అద్దిన చిన్న అల్లం ముక్క నమిలి, భోజనం చివర వేయించిన జీలకర్ర పొడి కలిపిన పలుచని మజ్జిగ తాగితే చాలామందికి ఆకలి తిరిగి వస్తుంది. కడుపులో మంట, పుండు ఉన్నవారు అల్లం మానాలి. మలబద్ధం లేకుండా చూసుకోవాలి, ముందు తిన్నది అరిగాకే మళ్ళీ తినాలి. పగటినిద్రను, అరగకముందే చేసే శ్రమను, ఒంటికి అతి వేడి చేసే తిండిని, ఉప్పును, పులుపును చరకుడు పాండురోగ కారణాలలో చేర్చాడు. ఎర్రకారంతో సంగటి తినే మనకు ఈ చివరి మాట మింగుడుపడదు. పూర్తిగా మానకపోయినా, చికిత్స సాగినన్నాళ్ళు ఊరగాయల వాడకాన్ని సగానికి తగ్గించుకోవడం మంచిది.

మూడవది టీ. భోజనంతో పాటు గాని, భోజనమైన వెంటనే గాని తాగే టీ, కాఫీలలోని పదార్థాలు పప్పులు, ఆకుకూరలలోని ఇనుమును కట్టివేసి ఒంటికి పట్టనివ్వవు. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని టీ తాగేవారు ఆ టీని కనీసం గంట వెనక్కు జరిపితే, పైసా ఖర్చు లేకుండా ఎంతో మేలు జరుగుతుంది. నా అనుభవంలో జనం ఒప్పుకోవడానికి అన్నిటికంటె కష్టమైన పథ్యం ఇదే.

తిండిలో ఏమి, ఎలా

ఎర్రగా ఉన్నదల్లా రక్తం పడుతుందనే నమ్మకం బీట్‌రూట్‌నూ దానిమ్మనూ మందుల స్థానంలో కూర్చోబెట్టింది. రెండింటిలోనూ ఇనుము చాలా తక్కువ. దానిమ్మను ఆయుర్వేదం పాండురోగంలో వాడిన మాట నిజమే, దాడిమాది ఘృతం అందుకు ప్రసిద్ధం. అయితే అక్కడ అది రుచిని, ఆకలిని పుట్టించే ద్రవ్యంగా వచ్చింది. అనంతపురం తోటల దానిమ్మను ఇష్టంగా తినవచ్చు గాని, దానిని నమ్ముకొని మాత్రలు మానరాదు.

మన ధాన్యాల బలం కూడా లెక్కతోనే చూడాలి. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము అవసరం. 100 గ్రాముల రాగులలో ఉండేది సుమారు నాలుగున్నర మిల్లీగ్రాములు. అంటే రాగులతోనే ఆ లెక్క తీరాలంటే రోజుకు 600 గ్రాములకు పైగా తినాలి, అది జరిగే పని కాదు. అందువల్ల సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం, సజ్జలు, ఉలవలు, కందిపప్పు, అనపగింజలు, ఆకుకూరలు అన్నీ కలవాలి, వాటిలోని ఇనుము ఒంటికి పట్టేలా వండాలి.

గింజలలో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఇనుమును పట్టి ఉంచుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల అది తగ్గుతుంది. రాగులను రాత్రంతా నానబెట్టి, ఉదయం నీరు వడగట్టి, తడి గుడ్డలో మూటకట్టి ఒక రోజు, చలికాలమైతే ఒకటిన్నర రోజు ఉంచాలి. తెల్లని మొలక కనిపించగానే నీడలో ఆరబెట్టి, తేమ పూర్తిగా పోయేవరకు సన్నని మంట మీద వేయించి, విసిరి డబ్బాలో పోసుకోవాలి. మొలకలు జిగటగా మారినా, పుల్లని దుర్వాసన వచ్చినా పారవేయడమే క్షేమం. ఈ పిండితో కాచిన జావలో పాలకు బదులు పలుచని మజ్జిగ పోసి, పక్కన ఒక జామకాయో చీనీకాయో తినాలి. పాలలోని కాల్షియం ఇనుమును కొంత అడ్డగిస్తుంది, పండులోని విటమిన్ సి దానిని ఒంటికి పట్టిస్తుంది. ముందురోజు రాత్రి గంజిలో పులియబెట్టిన అంబలిని మన పెద్దలు ఎండకాలపు చలువ కోసం తాగేవారు, దానివల్ల ఈ లాభమూ కలిసివచ్చింది.

పులుపు పాండురోగ కారణమన్న చరకుని మాటకూ, పులుపు ఇనుమును పట్టిస్తుందన్న నేటి మాటకూ పొత్తు కుదిర్చేది ఉసిరికాయ. అది పుల్లగా ఉన్నా శీతవీర్యం, అంటే చలువ చేసే గుణం కలది, పిత్తాన్ని శమింపజేస్తుంది. విటమిన్ సి నారింజ జాతి పండ్లలో కంటె దానిలో ఎన్నో రెట్లు ఎక్కువ. కార్తీకం చుట్టుపక్కల తాజా కాయలు దొరికే రోజులలో భోజనంతో పాటు ఒక కాయ తింటే చాలు. మిగతా కాలంలో ఒరుగులు గాని పొడి గాని వాడవచ్చు, అయితే ఎండబెడితే విటమిన్ సి కొంత పోతుంది. పులివెందుల, అనంతపురం తోటల చీనీకాయలు ఎలాగూ ఉన్నాయి. లేదా వడ్డించిన పప్పు మీద నిమ్మబద్ద పిండుకున్నా పని జరుగుతుంది, పొయ్యి మీద పిండితే మాత్రం లాభం తగ్గుతుంది.

పాండురోగికి పాత బియ్యం, యవలు, గోధుమలతో పాటు పెసలు, కందులు, మసూర పప్పుల కట్టు, జాంగల (మెట్టనేల జంతువుల) మాంసరసం పెట్టమని చరకుడు చెప్పాడు. కందిపప్పు మన సీమ పంటే కనుక, కందికట్టులో మునగాకు వేసి కాచుకొంటే ఇంతకంటె శాస్త్రసమ్మతమైన వంట వెతకనక్కరలేదు. ఆషాఢంలో మునగాకు తినే ఆచారాన్ని మిగతా నెలలకూ పొడిగించుకోవాలి. పాలకూర కంటె మునగాకులో పాతిక రెట్ల ఇనుము ఉందనే ప్రచారం మాత్రం ఎండు పొడిని పచ్చి ఆకుతో పోల్చడం వల్ల పుట్టింది. ఉలవలు ఇనుము బాగా ఉన్న గింజలే అయినా అవి ఉష్ణవీర్యం, రక్తపిత్తాన్ని పెంచేవని ఆయుర్వేదం చెబుతుంది కాబట్టి ముక్కు నుంచి గాని, మొలల నుంచి గాని, నెలసరిలో గాని అధికంగా రక్తం పోయేవారు ఉలవచారును మితంగా తీసుకోవాలి.

మాంసాహారులకు దారి సులభం. మాంసం, చేప, కార్జంలలోని ఇనుము గింజలలోని దానికంటె బాగా ఒంటికి పడుతుంది, పైగా అదే పళ్ళెంలోని పప్పు, ఆకుకూరల ఇనుమునూ పట్టిస్తుంది. జాంగల మృగాలను వేటాడడం నేడు నేరం. మేకమాంసం అతి చలువ, అతి బరువు కానిదని గ్రంథాలే చెప్పాయి కనుక వారానికి రెండుసార్లు దాని పులుసు సరిపోతుంది. విటమిన్ ఎ మితిమీరుతుంది కనుక గర్భిణులు కార్జం మానడం మంచిది. చాలా ఇళ్ళలో అందరికీ వడ్డించాక చివర కూర్చునే ఇల్లాలికి గిన్నెలో పులుసే మిగులుతుంది. రక్తహీనత ఉన్నది ఆమెకే అయితే, వడ్డన మొదలుకాకముందే ఆమె ముక్కలు విడిగా తీసి పెట్టాలి.

పప్పు, టమోటా పులుసు వంటి పుల్లని వంటలను ఇనుప బాండ్లిలో చేస్తే కొంత ఇనుము వంటలో కలుస్తుంది. వండడం కాగానే వేరే గిన్నెలోకి తీసుకోకపోతే కూర నల్లబడి లోహపు రుచి వస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో రేషన్ బియ్యంలో కలిసి వచ్చిన పోషక గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారవేసినవారు మన ఊళ్ళలో చాలామంది. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన గింజలు. నీళ్ళలో తేలినంత మాత్రాన ప్లాస్టిక్ కావు, వాటిని ఏరకుండా వండుకోవాలి.

మందుల సంగతి

హిమోగ్లోబిన్ తక్కువని తేలాక తిండి ఒక్కటే చాలదు. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. రక్తహీనత రాకుండా దానిని రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి, అప్పటికే రక్తం తక్కువని తేలిన గర్భిణులకు రోజుకు రెండు ఇస్తారు. భోజనానికి గంట ముందో, రెండు గంటల తరువాతో నిమ్మనీళ్ళతో వేసుకొంటే బాగా పడుతుంది. వికారం వస్తే తిన్న తరువాత వేసుకోవచ్చు. పాలతోనూ, టీతోనూ, కాల్షియం మాత్రతోనూ కలపరాదు. మలం నల్లబడడం సహజమే, భయపడనక్కరలేదు. చిన్నపిల్లలు ఈ మాత్రలను మిఠాయి అనుకొని మింగితే ప్రాణాపాయం కాబట్టి అందని ఎత్తులో పెట్టాలి.

ఆయుర్వేదం కూడా ఇక్కడ ఇనుమునే ఆశ్రయించింది. ఇనుప పొడిని ఏడు రాత్రులు గోమూత్రంలో భావన చేసి (నానబెట్టి) పాలతో ఇవ్వమన్న యోగం చరకునిలోనే ఉంది. దానికంటె ప్రసిద్ధమైన నవాయసంలో శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, కరక్కాయ, తానికాయ, ఉసిరిక, తుంగముస్తలు, వాయువిడంగాలు, చిత్రమూలం తొమ్మిదీ ఒక్కొక్క భాగం, ఇనుము తొమ్మిది భాగాలు. ఇనుము ఎంతో, దానిని అరిగించే, పురుగులను పోగొట్టే ద్రవ్యాలు కలిపి అంత! మొదట చెప్పిన అగ్ని సూత్రం ఈ కొలతలలోనే కనిపిస్తుంది. ఒళ్ళు వాపు కూడా ఉన్నవారికి పునర్నవాది మండూరం అనే ఇనుప మందు వాడతారు. అయితే కాళ్ళవాపు మూత్రపిండాల వల్లనో గుండె వల్లనో కూడా రావచ్చు కనుక ముందు పరీక్ష అవసరం.

ఈ మందులను ఇంట్లో తయారుచేసుకోరాదు. పట్టా ఉన్న ఆయుర్వేద వైద్యుడు చూసి మోతాదు రాసిన తరువాత, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తేదీలు ముద్రించిన సీసానే కొనాలి. సంతలో పొట్లం కట్టి ఇచ్చే పేరులేని భస్మాలలో సీసం కలిసి ఉండే ప్రమాదం ఉంది, సీసం హిమోగ్లోబిన్ తయారీనే అడ్డుకొంటుంది. ఇనుప మాత్రలు వేసుకొంటూనే లోహభస్మం కూడా వాడితే ఇనుము మితిమీరవచ్చు కాబట్టి ఇద్దరు వైద్యులకూ రెండో మందు సంగతి చెప్పి తీరాలి. చిత్రమూలం ఉన్న మందులను గర్భిణులు తాకరాదు. పునర్నవ పేరుతో దొడ్లో పెరిగిన మొక్కను పీకి వాడేవారు మరొకటి గమనించాలి: మన వైపు అటికమామిడినీ గలిజేరునూ ఒకే పేరుతో పిలిచేవారు ఉన్నారు, అవి వేరువేరు మొక్కలు. కళ్ళు, మూత్రం పచ్చబడితే అది చరకుడు పాండురోగం వెంటే చెప్పిన కామల (కామెర్లు); పసరు పోయించుకోవడానికి వెళ్ళకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఎన్నాళ్ళు

నాలుగు వారాల తరువాత హిమోగ్లోబిన్ మళ్ళీ చూపించుకోవాలి. మందు సరిగా పడుతుంటే ఆ సమయానికి సాధారణంగా ఒక గ్రాము గాని, అంతకు మించి గాని పెరుగుతుంది. పెరగకపోతే మోతాదు పెంచుకోకుండా మూడు ప్రశ్నలు వేసుకోవాలి: మాత్ర నిజంగా రోజూ వేసుకొన్నామా, టీ వేళ మార్చామా, రక్తం ఇంకా ఎక్కడైనా పోతున్నదా. మూడింటికీ జవాబు సరిగా ఉన్నా అంకె కదలకపోతే రోగనిర్ణయమే తప్పి ఉండవచ్చు, మళ్ళీ వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. అంకె మామూలు స్థాయికి వచ్చాక కూడా మాత్రలను సుమారు మూడు నెలలు కొనసాగిస్తారు, ఎందుకంటే అప్పటికి రక్తం నిండినా ఒంట్లోని ఇనుము నిల్వలు ఇంకా ఖాళీగానే ఉంటాయి. ఒళ్ళు తేలికపడగానే మాత్రలు ఆపివేసి, మళ్ళీ చెనిక్కాయల కోతల నాటికి మంచం పట్టేవారు సాధారణంగా ఈ దశలోనే పొరబడినవారు.